పొద్దున బుద్ధిగా ఉంటుంది, వేడెక్కితే నల్లపొగ

ప్రశ్న: సార్, నమస్కారం. మా మామయ్యగారు వాడిన 1973 మోడల్ వోల్వో 1800 ఈఎస్ ఇప్పుడు నా చేతికొచ్చింది. రెండు లీటర్ల ఇంజను, బాష్ కంపెనీ డి-జెట్రానిక్ ఇంజెక్షను (ఎలక్ట్రానిక్ పద్ధతిలో పెట్రోలు చిమ్మేది). నీళ్ల టెంపరేచర్ సెన్సర్‌కి పిన్ను వదులైందని కొత్తది వేయించాను. పొద్దున్నే సెల్ఫ్ కొట్టగానే అందుకుంటుంది. పది నిమిషాలు నడిచాక నల్లపొగ, పెట్రోలు వాసన. బండి ఆపితే ఐడ్లింగ్‌లో ఊగుతుంది. ప్లగ్గులు మసిబారిపోయాయి. పాత సెన్సర్ని, కొత్త సెన్సర్ని మీటర్ పెట్టి చూశాను. గదిలో ఒకటి 2.4, ఇంకోటి 2.6 కిలో ఓములు చూపించాయి. రెండూ ఒకటే అనుకోవచ్చా? మెకానిక్ మాత్రం ప్రెషర్ సెన్సర్ పోయిందంటున్నాడు. వోల్వో 164 ఈ నుంచి తీసినది ఒకటి తెచ్చిపెట్టాడు. "అదీ వోల్వోనే, ఇదీ వోల్వోనే, సాకెట్టు కూడా సరిపోయింది" అంటాడు. వేయించమంటారా? ఇదంతా పీకేసి కార్బురేటర్ పెట్టుకోమని మరికొందరి సలహా. మీరేమంటారు?

సమాధానం: ముందు ఆ 164 ఈ సెన్సర్‌ని దాని పెట్టెలోనే ఉండనివ్వండి. దాని సంగతి తర్వాత చెబుతాను. అసలు చిక్కు అక్కడ ఉండకపోవచ్చు.

మీ ఉత్తరంలో నన్ను పట్టుకున్న మాట "పొద్దున్నే అందుకుంటుంది" అన్నది. దాన్ని మీరు బండికి మంచి మార్కుగా వేశారు. నేను వేయను. ఇంజను చల్లగా ఉన్నప్పుడు పెట్రోలు సరిగ్గా ఆవిరి కాదు, కొంత సిలిండర్లకి గాలి చేర్చే మ్యానిఫోల్డు గోడలకే అంటుకుపోతుంది. అందుకని పెట్రోలు ఎంత పోయాలో నిర్ణయించే కంట్రోల్ బాక్సు ఆ కాసేపూ కావాలనే ఎక్కువ పోస్తుంది. మీ బండిలో ఇంకేదో కారణాన అదనంగా మరికాస్త పడుతున్నా పొద్దునపూట ఎవరికీ తెలియదు, పైగా స్టార్టింగు బాగుందనిపిస్తుంది. ఇంజను వేడెక్కి ఆ అదనం అక్కర్లేని వేళకి అది పొగై బయటికొస్తుంది. కాబట్టి మీ బండి రోజంతా రిచ్‌గానే, అంటే గాలికి మించిన పెట్రోలుతోనే, నడుస్తోంది, పది నిమిషాల తర్వాతే అది మీ కంటపడుతోంది.

ఇప్పుడు మీ మీటర్ లెక్కకొద్దాం. ఈ నీళ్ల సెన్సర్ వేడెక్కేకొద్దీ ఓములు తగ్గే రకం. బాష్ వాళ్ల మామూలు సెన్సర్ 20 డిగ్రీల దగ్గర దాదాపు 2,500 ఓములుంటుంది. 80 డిగ్రీలకి అది సుమారు 320కి పడిపోతుంది. మీరు గదిలో కూర్చుని కొలిచింది ఈ గీతలో ఒక్క చుక్క. ఒకే చుక్క గుండా ఎన్ని గీతలైనా పోతాయి. 20 డిగ్రీల దగ్గర 2.6 చూపించి, 80 దగ్గర 600 చూపించే సెన్సర్ కూడా ఉండొచ్చు. అది మీ బండికి పనికిరాదు, కానీ గదిలో మాత్రం అచ్చం కవల పిల్లలా కనిపిస్తుంది.

అందుకే మూడు చోట్ల కొలవాలి. గిన్నెలో నీళ్లు పోసి మంచుముక్కలు వేసి బాగా కలపండి, అది సున్నా డిగ్రీలు. సెన్సర్ని దారంతో వేలాడదీయండి. ఇత్తడి మొన నీళ్లలో మునగాలి, పిన్నులు తడవకూడదు, గిన్నె అడుక్కి తగలకూడదు. మీటర్ మీద అంకె కదలడం ఆగేదాకా, మూడు నాలుగు నిమిషాలు, ఓపిక పట్టండి. దాదాపు 5,800 రావాలి, అయిదు నుంచి ఆరున్నర వేల మధ్య ఉంటే నేను అభ్యంతరం చెప్పను. తర్వాత మామూలు నీళ్లు, పక్కన థర్మామీటరు. ఆ తర్వాత కాగుతున్న నీళ్లు. పూర్తి మరుగు దగ్గర 200కి కాస్త దిగువన ఉండాలి. మీ పాత సెన్సర్ని కూడా అదే గిన్నెలో పక్కనే వేలాడదీయండి. పిన్ను వదులైందన్నారు గానీ లోపలి గింజ పోయిందని చెప్పలేదు. వైరుని వేలితో నొక్కి పట్టుకుంటే అది ఇంకా నిజమే చెప్పొచ్చు. అదే మీకు తూకపు రాయి.

ఇద్దరూ మూడు చోట్లా కలిశారనుకుందాం. అప్పుడు సెన్సర్‌ది తప్పు కాదు. అయినా పొగ వస్తుంటే నా అనుమానం వైరు మీదికి పోతుంది. ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. ఇదే జాతి ఇంజెక్షనున్న బండి మీద నేను మూడు ఆదివారాలు పోగొట్టుకున్నాను. రెండు కొత్త సెన్సర్లు మార్చాను. ఆఖరికి చూస్తే కనెక్టర్ లోపల, రబ్బరు తొడుగు కింద, పిన్నుకి పచ్చగా చిలుము పట్టి ఉంది. తొడుగు మాత్రం కొత్తదానిలా నిగనిగలాడుతోంది. ఆ చిలుము వల్ల తగిలిన అడ్డు 300 ఓములు. అంతే.

ఆ 300 ఏపాటి అనిపిస్తుంది కదా, లెక్క వేసి చూడండి. పొద్దున ఇంజను 20 డిగ్రీల దగ్గర ఉంటే బాక్సుకి 2,500 బదులు 2,800 అందుతుంది. దాని లెక్కలో ఇంజను రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉంది, తేడా ఎవరికీ పట్టదు. అదే ఇంజను 80 డిగ్రీలకి చేరాక 320 బదులు 620 అందుతుంది. బాక్సు దాన్ని 60 డిగ్రీలని చదువుకుని, ఇంజను ఇంకా వేడెక్కలేదనుకుని, పెట్రోలు పోస్తూనే ఉంటుంది. ఆ 300 ఓములు మారలేదు. పొద్దున అది ఎనిమిదో వంతు కూడా కాదు, మధ్యాహ్నానికి దాదాపు సమానం. చల్లగా ఉంటే బాగుండి వేడెక్కితే ఏడిపించే బండ్లలో ఈ లెక్క ఎన్నిసార్లు తేలిందో నాకు గుర్తు లేదు.

కాబట్టి సెన్సర్ దగ్గర కొలిచింది చాలదు, బాక్సుకి ఏం అందుతోందో కొలవాలి. బ్యాటరీ వైరు విప్పి, కంట్రోల్ బాక్సుకి పోయే 25 పిన్నుల పెద్ద ప్లగ్గు ఊడదీసి, వైరింగ్ డయాగ్రం చూసి నీళ్ల సెన్సర్‌కి చెందిన పిన్ను దగ్గర మీటర్ పెట్టండి. ఇంజను వేడిగా ఉన్నప్పుడే చేయాలి. సెన్సర్ దగ్గర 320, ఇక్కడ 330 వస్తే వైరు మంచిది. ఇక్కడ 500, 600 అంటే దారిలో ఎవరో తింటున్నారు. కనెక్టరు కావచ్చు, ఎర్తు కావచ్చు. ఎర్తు బోల్టు కింద పెయింటు ఉన్నా ఇదే కథ.

దీనికన్నా తొందరగా తేలే పరీక్ష ఇంకోటి ఉంది, పది నిమిషాల పని. ఎలక్ట్రానిక్ సామాను దొరికే చోట 330 ఓముల చిన్న రెసిస్టరు కొనండి. బండి వేడెక్కి పొగ మొదలయ్యాక, సెన్సర్ ప్లగ్గు ఊడదీసి, దాని రెండు రంధ్రాల్లో రెసిస్టరు కాళ్లు దూర్చండి. ఇప్పుడు బాక్సుకి "ఇంజను 80 డిగ్రీల దగ్గరుంది" అన్న మాట తప్ప ఇంకేదీ వినపడదు. ప్లగ్గు తీసిన ఆ క్షణంలో బండి ఉక్కిరిబిక్కిరవుతుంది, కంగారు పడకండి. తీగ తెగితే ఓములు అనంతం, అంటే బాక్సు దృష్టిలో ఇంజను గడ్డకట్టుకుపోయింది, పెట్రోలు కుమ్మరిస్తుంది. రెసిస్టరు పెట్టాక పొగ తగ్గి ఐడ్లింగ్ కుదుటపడితే దోషం సెన్సర్లోనో, ఆ కనెక్టర్లోనో. ఏమీ మారకపోతే దోషం ఇంకెక్కడో ఉంది, నీళ్ల సెన్సర్ని వదిలేయండి. రెసిస్టరుతోనే బండి నడుపుకుందామనుకోవద్దు, మర్నాడు పొద్దున స్టార్టవదు.

ఇక "కొత్తది" అన్నారు. దాని మీద అచ్చు వేసిన నంబరు చూశారా? బాష్ నంబర్లు పది అంకెలవి. టెంపరేచర్ సెన్సర్ల కుటుంబం 0 280 130తో మొదలవుతుంది. ప్రెషర్ సెన్సర్లది 0 280 100, గాలిని కొలిచే ఎయిర్‌ఫ్లో మీటర్లది 0 280 200, ఇంజెక్టర్లది 0 280 150. మొదటి ఏడూ ఇంటిపేరు. అసలు మనిషి చివరి మూడింట్లో ఉంటాడు. ఇంటిపేరు కలిసిందని పెళ్లి పందిట్లో కూర్చోబెట్టే అమ్మకందార్లు చాలామందే ఉన్నారు.

ఈ 0 280 130 ఇంట్లో ముగ్గురి పోలికలు మరీ దగ్గర. ఒకటి నీళ్ల సెన్సర్. రెండోది గాలి సెన్సర్. డి-జెట్రానిక్‌లో ఈ గాలి సెన్సర్ 20 డిగ్రీల దగ్గర 2,500 కాదు, దాదాపు 300 ఓములే. ఇది తెలియక దాన్ని "షార్టయింది" అని పారేసి, తర్వాతి తరం బండ్ల 2,500 ఓముల సెన్సర్ని పెట్టినవాళ్లు ఉన్నారు. బాక్సుకి అది మంచుగాలిలా తోస్తుంది, గడ్డకట్టే గాలి చిక్కన కాబట్టి పెట్రోలు పెంచుతుంది. మీ బండిలో గాలి సెన్సర్ ఎప్పుడైనా మార్చారేమో ఒకసారి కొలిచి చూడండి. మూడోది థర్మో టైమ్ స్విచ్చి. అదీ నీళ్లలోనే ఉంటుంది, ఇత్తడి వొళ్లే, రెండు పిన్నులే. కానీ అది సెన్సర్ కాదు. చల్లటి ఇంజనుకి సెల్ఫ్ కొట్టినప్పుడు అదనపు పెట్రోలు చల్లే కోల్డ్ స్టార్ట్ వాల్వుని కొన్ని సెకన్లు తెరిపించి మూయించే స్విచ్చి. దాని ఆరుపలకల మీద 35 డిగ్రీలు, 8 సెకన్లు లాంటి అంకెలు చెక్కి ఉంటాయి. డిగ్రీలు, సెకన్లు రెండూ కనిపిస్తే అది సెన్సర్ కాదని తెలుసుకోండి. డాష్‌బోర్డు మీటరుకి పోయే సెండర్ ఇంకో జాతి. మర సరిపోయినంత మాత్రాన దాన్ని బాక్సుకి కలపకూడదు.

మర అంటే గుర్తొచ్చింది. కొత్త సెన్సర్ బిగించేటప్పుడు మరకి టేపు చుట్టారా? రెండు పిన్నులున్నా, కొన్ని బండ్లలో సెన్సర్‌కి ఒక పిన్నే ఉన్నా, ఎర్తు ఎక్కడినుంచి వస్తోందో చూసుకోవాలి. ఒకటే పిన్నుంటే సెన్సర్ వొళ్లే ఎర్తు. అక్కడ టేపు చుడితే మీరే చేతులారా అడ్డు పెట్టినట్టు. రాగి వాషర్ చాలు.

మీకు సరిగ్గా ఆ చివరి మూడంకెల సెన్సర్ దొరకకపోతే? మూడు చోట్లా ఓములు కలిసే వేరే నంబరు వేసుకోవచ్చు. మొన పొడవు మాత్రం పాతదానితో పక్కపక్కన పెట్టి చూడండి, పొట్టి మొన నీళ్ల దారిలోకి చేరదు, వేడిని ఆలస్యంగా చెబుతుంది. వేడి మీద ఓములు తక్కువగా ఉన్న సెన్సర్‌కి వరసలో చిన్న రెసిస్టరు కలిపి సరిదిద్దొచ్చు, ఇది అడ్డదారేమీ కాదు. పోర్షా 914లో రెండు లీటర్ల ఇంజన్లు కొన్నింటికి కంపెనీయే సెన్సర్ వైర్లో విడిగా ఒక రెసిస్టరు పెట్టింది. అలాంటి బండ్లలో సెన్సర్ ఒక్కటే మారిస్తే జతలో సగమే మారినట్టు. అయితే ఈ వైద్యం రిచ్ వైపుకే లాగుతుంది. మీకున్నదే ఆ జబ్బు కాబట్టి, మీరు వరసలో రెసిస్టరు కలిపే జోలికి పోకండి.

ఇప్పుడు 164 ఈ సెన్సర్ సంగతి. మీ మెకానిక్ మాటలో కొంత నిజముంది. 164 ఈ ఇంజను బి30, మీది బి20. రెండింటికీ సిలిండరు బోరు 88.9 మిల్లీమీటర్లు, స్ట్రోకు 80 మిల్లీమీటర్లు. మీ నాలుగు సిలిండర్లకి ఇంకో రెండు అతికిస్తే బి30. మరి సిలిండరొకటే కదా, సెన్సరొకటైతే ఏం అంటారు.

డి-జెట్రానిక్ అసలు గాలిని కొలవదు. డి అంటే జర్మన్‌లో పీడనం. 1967లో ఫోక్స్‌వాగన్ 1600 మీద మొదలైనప్పటినుంచి దాని పద్ధతి ఒకటే: మ్యానిఫోల్డులో పీడనం ఎంత, ఇంజను ఎన్ని చుట్లు తిరుగుతోంది, ఈ రెండూ చూసి "ఇంత గాలి లోపలికి పోయి ఉంటుంది" అని ఊహిస్తుంది. ఆ ఊహ ఏ ఇంజను కోసం తయారైందో ఆ ఇంజనుకే సరిపోతుంది. క్యామ్ షాఫ్టు మారితే, మ్యానిఫోల్డు ఆకారం మారితే, కంప్రెషన్ మారితే అదే పీడనం దగ్గర సిలిండర్లోకి పోయే గాలి మారిపోతుంది. మీ బి20లోనే రెండు రకాలున్నాయి, బి20ఈ కంప్రెషన్ 10.5, అమెరికాకి పోయిన బి20ఎఫ్‌ది 8.7. మీదేదో ఇంజను బ్లాకు మీద చూసి రాసుకోండి, సెన్సర్ వెతికేటప్పుడు అడుగుతారు.

ఆ ప్రెషర్ సెన్సర్ లోపల గాలి తీసేసి మూసిన పల్చటి లోహపు డబ్బీలుంటాయి. మ్యానిఫోల్డు పీడనం పెరిగితే అవి నొక్కుకుంటాయి, తగ్గితే ఉబ్బుతాయి. వాటికి తగిలించిన ఇనుప ముక్క తీగచుట్టలో ముందుకీ వెనక్కీ జరుగుతుంది. తీగచుట్ట స్వభావం ఆ మేరకు మారి, ఇంజెక్టరు ఎంతసేపు తెరుచుకోవాలో బాక్సుకి తెలుస్తుంది. ఆ ఇనుప ముక్క ఎక్కడ మొదలవ్వాలో ఫ్యాక్టరీలో స్క్రూలతో సరిచేసి, పైన మూత వేసి సీలు చేశారు. అంటే సాకెట్టు, గొట్టం ఒకటే అయినా, లోపలి స్క్రూ ఒక చుట్టు తేడాగా ఉంటే మీ ఇంజనుకి వేరే వంట వండుతుంది. చివరి మూడంకెలు మీ పాతదానితో కలిస్తే నిరభ్యంతరంగా వేయండి. కలవకపోతే వద్దు.

ఒక పని మాత్రం చేయించకండి. కొందరు ఆ సీలు గీకి స్క్రూ తిప్పి, పొగ తగ్గించి చూపిస్తారు. చిలుము పట్టిన కనెక్టర్‌కి ప్రెషర్ సెన్సర్‌తో సర్ది చెప్పించడమది. ఆ తర్వాత ఎవరైనా కనెక్టరు శుభ్రం చేసిన రోజున బండి లీన్‌గా, అంటే పెట్రోలు చాలనిదిగా, మారి ఎక్కుడు మీద ఠకఠక కొట్టుకుంటుంది. ఆ సెన్సర్ మళ్లీ మొదటి స్థితికి రావడం గగనం.

మీ పాత ప్రెషర్ సెన్సర్ నిజంగా పోయిందో లేదో తెలుసుకోవడం కష్టం కాదు. ముల్లున్న వాక్యూమ్ చేతిపంపుతో దాని గొట్టం నుంచి గాలి లాగండి, పాదరసం లెక్కన 15 అంగుళాల దాకా. ఆ ముల్లు కొన్ని నిమిషాలు అక్కడే నిలబడాలి. జారిపోతుంటే లోపల డయాఫ్రం అనే పల్చటి లోహపు రేకు చీలిందని అర్థం. యాభై ఏళ్లు కొట్టుకున్న లోహం కదా, దీంట్లో చాలా వరకు పోయేది అదే. అప్పుడు ఇంజను ఖాళీగా తిరుగుతున్నా ఎక్సలేటర్ తొక్కినట్టే అనుకుని పెట్రోలు పోస్తుంది, మీ నల్లపొగకి అదీ ఒక కారణం కావచ్చు. ముల్లు నిలిస్తే, సాకెట్టు మీద 7, 15 అని రాసిన పిన్నుల మధ్య 90 ఓములు, 8, 10 మధ్య 350 ఓములు అటూఇటుగా ఉన్నాయా, ఏ పిన్నుకైనా వొంటితో కలయిక ఉందా చూడండి. కలయిక ఉండకూడదు. ఇవన్నీ సరిగ్గా ఉంటే ఆ సెన్సర్ జోలికి ఎవరినీ రానివ్వకండి. డయాఫ్రం చీలినా పారేయొద్దు. కొత్త డయాఫ్రం వేసి కొలిచి సరిచేసేవాళ్లు ఉన్నారు, మీ నంబరుదే బాగుచేయించుకోవడం పక్క బండిది తగిలించడం కన్నా మేలు.

ఇవన్నీ చేయకముందే చూడాల్సినది పెట్రోలు పీడనం, సుమారు రెండు బార్లు ఉండాలి. అది పెరిగిపోయి ఉంటే ఏ సెన్సరైనా దోషిలాగే కనిపిస్తుంది. కోల్డ్ స్టార్ట్ వాల్వు కారుతున్నా అంతే. దాన్ని మ్యానిఫోల్డు నుంచి విప్పి, పెట్రోలు గొట్టం తగిలి ఉండగానే, మొన తుడిచి పెట్రోలు పంపు తిప్పి ఒక నిమిషం చూడండి. చుక్క రాలకూడదు. వేడి ఇంజను మీద ఈ పని చేయకండి, పక్కన మంటలార్పే సిలిండరు పెట్టుకోండి.

గాలి లీకుల గురించి ఒక మాట. గాలిని రెక్క ఉన్న ఎయిర్‌ఫ్లో మీటరుతో నేరుగా కొలిచే ఎల్-జెట్రానిక్ బండి నడిపిన మెకానిక్కులు "గొట్టం చీలితే లీన్ అవుతుంది" అంటారు. అక్కడ నిజమే, రెక్క మీటరు దాటాక దూరిన గాలి లెక్కలోకి రాదు. మీ డి-జెట్రానిక్‌లో దూరిన గాలి పీడనాన్ని పెంచుతుంది, దాన్ని చూసి బాక్సు పెట్రోలూ పెంచుతుంది, ఐడ్లింగ్ పైకి పోతుంది. ఒకే చీలిక, రెండు బండ్లలో రెండు జబ్బులు. అందుకే ఒకదాని వైద్యం ఇంకోదానికి పనికిరాదు. ఎల్-జెట్రానిక్ బండ్లవాళ్లు కూడా ఈమధ్య ఇలాంటి ఉత్తరాలే రాస్తున్నారు కాబట్టి చెబుతున్నాను, ఎయిర్‌ఫ్లో మీటరు మార్చేటప్పుడూ చివరి మూడంకెలే చూడండి. రెక్క సైజు ఒకటే అయినా లోపలి స్ప్రింగు బిగువు వేరు. నల్ల మూత తీసి ఆ పళ్ల చక్రం తిప్పి "ట్యూనింగ్" చేసే ముందు, మొదట ఏ పన్ను దగ్గరుందో గుర్తు గీసుకోండి.

కార్బురేటర్ సలహా కొత్తదేం కాదు. 1958లో క్రైస్లర్ కంపెనీ ఎలక్ట్రానిక్ ఇంజెక్షనుతో 35 కార్లు అమ్మింది, వాటిలో చాలావాటికి తర్వాత కార్బురేటర్లే బిగించారు. అప్పటి ఎలక్ట్రానిక్ సామానుతో వాళ్లకి వేరే గతి లేదు. మీకు ఒక మీటరు, ఒక గిన్నె, 330 ఓముల రెసిస్టరు చాలు.

ఈ వారం రెసిస్టరు పరీక్ష, మంచునీళ్ల పరీక్ష చేసి, రెండు సెన్సర్ల మూడేసి అంకెలూ, 25 పిన్నుల ప్లగ్గు దగ్గర వేడిమీద వచ్చిన అంకే నాకు రాయండి. వాటితోపాటు అన్ని సెన్సర్ల మీది చివరి మూడంకెలు కూడా. మామయ్యగారి పాత సెన్సర్ని మాత్రం ఎవరికీ ఇవ్వకండి, చీటీ కట్టి గ్లవ్ బాక్సులో పడేయండి.